మిట్టమధ్యాహ్నం మేత

ఆ ఉదయం ఆకాశం విరిగిన పాలలా ఉంది. నీలమూ కాదు, తెలుపూ కాదు. సూర్యుడు ఎక్కడున్నాడో కనబడలేదు గానీ ఎండ మాత్రం అప్పుడే గడప దాటి లోపలికి వచ్చేసింది. ఉత్తరాన నేలకు ఆనుకుని ఒక బూడిదరంగు గీత. గాలి లేదు. షెడ్డు పక్క తీగ మీద ఆరేసిన గోనెసంచుల అంచు కూడా కదలడం లేదు.

కోడలు కొళాయి దగ్గర నీళ్ళ తొట్లు తోముతూ ఆకాశం వైపు ఒకసారి, షెడ్డు వైపు ఒకసారి చూసింది. ఈ చివరినించి ఆ చివరిదాకా ఊక పరిచిన రేకుల షెడ్డు, దాన్నిండా గుడ్లు పెట్టే కోళ్ళు. వాటి అరుపే ఆమెకు గడియారం. తెల్లవారగానే ఒక రకంగా ఉంటుంది, గుడ్డు పెట్టే వేళకి ఇంకో రకంగా. ఆ రోజు పొద్దెక్కకముందే మధ్యాహ్నపు అరుపు మొదలైంది. తక్కువగా, గొంతు లోపలినుంచి.

వంటింట్లో అత్తగారి రేడియో వాతావరణం చెబుతోంది. రానున్న మూడు రోజులూ ప్రాంతమంతటా ప్రమాదకరమైన వడగాడ్పులట. మధ్యాహ్నం పూట మనుషులు గానీ పశువులు గానీ ఎండలో ఉండకూడదట. మూడో రోజు సాయంత్రం ఈదురుగాలులతో, ఉరుములు మెరుపులతో వాన పడే అవకాశం ఉందట.

"అవకాశం!" అంది అత్తగారు రేడియోతో. "నిన్నా అవకాశమే, మొన్నా అవకాశమే. ఒక్కసారి ఖాయం అని చెప్పవే తల్లీ, నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"వేడి సంగతి మాత్రం ఖాయంగానే చెప్పింది కదత్తయ్యా."

"అది చెప్పడానికి రేడియో ఎందుకూ? నా వీపు చెప్పదూ?" అని అత్తగారు పమిటతో మెడ తుడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించింది. "అమ్మాయ్, కోళ్ళు జాగ్రత్త."

అంతకుమించి ఆవిడ అనలేదు. అననక్కర్లేదు. పోయిన ఎండల్లో ఒక్క మధ్యాహ్నంలో సగం షెడ్డు నేలకొరిగింది. కోళ్ళను చూసేది కోడలు కాబట్టి కోడలి హస్తవాసి మంచిది కాదన్నారు. గుడ్ల బండి వాడి దగ్గర్నుంచి ఎదురింటి ముసలమ్మదాకా అన్నారు. చచ్చినవాటిని గోనెల్లోకి ఎత్తింది ఆమే. ఎత్తేటప్పుడు ప్రతిదాని మెడ కిందా వేళ్ళకు తగిలింది, మేత సంచి. బిర్రుగా, గట్టిగా, గుప్పెడు. వేడికి చచ్చిన పక్షి కడుపు నిండా తిని ఎలా చచ్చిందీ అని ఆమె చాలా రోజులు ఆలోచించింది. పశువుల డాక్టరు ఒకసారి వచ్చినప్పుడు అడిగితే, మిట్టమధ్యాహ్నం మేత పడితే అది అరిగే వేడికే ప్రాణం పోతుందమ్మా అన్నాడు. ఆ మధ్యాహ్నం మేత వేసిందెవరో ఆమెకు తెలుసు. అందుకే నోరు కుట్టేసుకుంది.

వేసింది మామగారు. వీధిలో ఆయన పేరు 'పెట్టే చెయ్యి'. గోడ మీద పిచ్చుకకి నూకలు, వీధికుక్కకి ముద్ద, దారినపోయేవాడికి మజ్జిగ. చెట్టు మీంచి పడిన పిచ్చుకపిల్లను అరచేతిలో పెట్టుకుని, అది నోరు తెరిచినప్పుడల్లా పుల్లతో మెతుకు అందించి, రెక్కలొచ్చేదాకా సాకిన మనిషి. ఎవరైనా ఆకలిగా ఉన్నారంటే ఆయన కాలు నిలవదు. అలాంటాయనతో నీ చేతులే చంపాయని ఎవరు చెబుతారు?

ఆమె తొట్లు బోర్లించి లేచేసరికి మోటారుసైకిలు చప్పుడైంది. సిమెంటు కొట్టాయన. వెనక మామగారు, తల వంచుకుని.

షెడ్డు తలుపుకి ఒక పద్ధతుంది. ముందు వేలి కణుపులతో రెండుసార్లు తట్టాలి. లోపల కోళ్ళు తలలెత్తుతాయి, ఎవరో వస్తున్నారని సర్దుకుంటాయి. అప్పుడు మెల్లగా తెరవాలి. సిమెంటాయన తలుపును కాలితో నెట్టాడు. కోళ్ళన్నీ ఒక్కసారి లేచి, అవతలి గోడకేసి అలలా కొట్టుకుపోయాయి. ఊక దుమ్ము పైకప్పుదాకా లేచింది.

"ఏంటమ్మా, మీవాళ్ళకి ఇంత బెదురేంటి?" అని నవ్వాడాయన.

"చెప్పాపెట్టకుండా చుట్టాలొస్తే మేమూ అంతేనండీ."

ఆయన నవ్వు ఆపకుండానే జేబులోంచి కొలత టేపు తీశాడు. చివర లాగి ఆమె చేతికిచ్చాడు. "ఆ మూల కాస్త పట్టుకోమ్మా."

ఆమె మామగారి వైపు చూసింది. ఆయన రేకుల్ని చూస్తున్నారు. ఆమె టేపు చివర పట్టుకుని మూలకి నడిచింది. తన షెడ్డును తనే కొలిపించింది. పొడుగు, వెడల్పు, ఎత్తు. టేపు జర్రుమని వెనక్కి చుట్టుకున్నప్పుడల్లా దగ్గర్లో ఉన్న కోళ్ళు ఉలిక్కిపడ్డాయి.

"బస్తా మీద బస్తా వేస్తే పైదాకా పడతాయి," అన్నాడు సిమెంటాయన. "పైగా సిమెంటుకి వడదెబ్బ తగలదు కదమ్మా."

మామగారు గొంతు సవరించుకున్నారు. "ఈ మూడు రోజులు గడవనీ. మళ్ళీ పోయినేటిలాగే అయితే, ఇంక కోళ్ళు మనవల్ల కావు. షెడ్డు నీదే."

"మీ మాట మీదే ఉంటానండీ. గాలివాన వెలిశాక పొద్దున్నే వస్తాను."

ఆయన వెళ్ళాక కోడలు అవతలి గోడ దగ్గర గుంపుకట్టిన కోళ్ళ మధ్యకి మెల్లగా నడిచి, మాట్లాడుతూ, చేతులు చాపి వాటిని విడదీసింది. కాళ్ళ చుట్టూ తిరిగే ఎర్రకోడి ఒకటి ఆమె చెప్పు పొడిచింది. "నన్నెందుకే పొడుస్తావ్? టేపు పట్టుకున్నందుకా?" అంది ఆమె.

భర్త మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఆమె కంచం ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, ఈ మూడు రోజులూ షెడ్డులో నేను చెప్పినట్టు జరగాలి."

"ఎప్పుడు జరగలేదూ?"

"ఎప్పుడు జరిగింది?"

అతను ముద్ద కలుపుతూ ఆగాడు. పనిమంతుడే, కానీ ఇంట్లో గొంతులు లేస్తే గోడవైపు తిరిగే రకం. "నాన్నకి చెప్పాల్సినదేమైనా ఉంటే మాత్రం నన్ను లాగకు."

"ఆయనకి నేనే చెబుతాను. మీరు పైకప్పెక్కండి చాలు."

ఎండ తగ్గాక అతను నిచ్చెన వేసుకుని రేకుల మీద సున్నం కొట్టాడు. దాని మీద గడ్డి పరిచి, ఎగిరిపోకుండా తాళ్ళు కట్టాడు. కోడలు కింద నుంచి గడ్డిమోపులు అందించింది. గాలి తగిలే వైపు గోనెపరదాలు కట్టి, వాటిని తడపడానికి చిల్లుల గొట్టం బిగించారు. అత్తగారు మోపులు మోయలేదు గానీ, అరుగు మీద కూర్చుని ఇద్దరికీ తప్పులు చూపించింది. "ఆ మూల ఖాళీ! ఆ మూల! అయ్యో, నీ పెళ్ళాం చూసింది, నువ్వే చూళ్ళేదు!"

*

రెండో రోజు చీకటితోనే కోడలు దీపాలు వేసి కోళ్ళకు మేత పెట్టేసింది. అవి ఆశ్చర్యపోయాయి, తర్వాత తిన్నాయి. ఎండ ముదరకముందే షెడ్డు చివరనున్న చక్రం తిప్పింది. వరసగా వేలాడే మేత డబ్బాలన్నీ తాళ్ళ మీద ఒక్కసారిగా పైకి లేచి, కోళ్ళకు అందనంత ఎత్తున ఊగుతూ నిలబడ్డాయి.

మధ్యాహ్నానికి పంకాలు తిరుగుతున్నా రేకుల కింద గాలి చిక్కబడిపోయింది. ఊపిరి పీల్చుకుంటే ముక్కు లోపల కాలుతోంది. గొట్టాల్లో నీళ్ళు కూడా వేడెక్కాయి. ఆమె వాటిని వదిలేసి, మళ్ళీ కొత్తవి నింపింది. పరదాలు తడిసేలోగా ఆరిపోతున్నాయి. కోళ్ళు రెక్కలు దూరంగా పెట్టుకుని, కళ్ళు సగం మూసి, నోళ్ళు బార్లా తెరిచి రొప్పుతున్నాయి. షెడ్డంతా అదే చప్పుడు. ఎవరో ఎడతెరిపి లేకుండా కాగితాలు తిప్పుతున్నట్టు. ఆమె వాటి మధ్య నెమ్మదిగా నడుస్తూ కూర్చున్నవాటిని కాలితో సున్నితంగా కదిపి లేపుతోంది. లేస్తే రెక్కల కింద మాగిన వేడి బయటికి పోతుంది. ఈ చివరినించి ఆ చివరికి, మళ్ళీ ఈ చివరికి. జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.

"బో... బో బో బో..."

మామగారి పిలుపు. ఆయన తలుపు తట్టరు, పిలుస్తారు. ఆ పిలుపు వింటే మేత వచ్చినట్టే అని ప్రతి కోడికీ తెలుసు. సగం చచ్చినట్టున్న కోళ్ళు కూడా తలలు తిప్పాయి. ఆయన చేతిలో నిండు బకెట్టు. గుమ్మంలోనే ఆగి పైకి చూశారు.

"ఈ డబ్బాలు ఎవరు పైకెక్కించారు?"

"నేనే మామయ్యా."

"ఎందుకు? ఉరేసినట్టు! నోటికాడ కూడు లాగేస్తారా ఎవరైనా?" ఆయన కోళ్ళ వైపు చెయ్యి చూపించారు. "చూడు, అటు చూడు. పాపం నోళ్ళు ఎలా తెరుచుకున్నాయో. పిల్లలు తల్లిని అడిగినట్టు అడుగుతున్నాయి."

"అది ఆకలి కాదు మామయ్యా. ఆయాసం."

"నాకు చెబుతావా? నోరు తెరిచిన పిట్టకి ఏం కావాలో నాకు తెలీదా?"

ఆయన బకెట్టులో చెయ్యి పెట్టారు. ఆమె రెండడుగులు వేసి బకెట్టు కడ్డీ పట్టుకుంది. పెళ్ళయి వచ్చాక ఆయన ఎదుట నిలబడి ఆమె కాదన్నది లేదు. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత లాగారు. ఆమె వదల్లేదు. బకెట్టు ఒరిగి మేత గుమ్మం దగ్గర కుప్పగా జారిపోయింది. పక్కనున్న కోళ్ళు పరుగున వచ్చి పడ్డాయి. ఆమె చీపురు అందుకుని ఊడ్చేలోగా అవి గబగబా మింగేశాయి.

మామగారు ఖాళీ బకెట్టు కేసి చూశారు. దాన్ని అక్కడే దింపి వెళ్ళిపోయారు.

కాసేపటికి అత్తగారు గొడుగేసుకుని వచ్చి కిటికీ జాలీ దగ్గర నిలబడింది. "ఏమన్నావే ఆయన్ని? తన కంచం కూడా కుక్కకి పెట్టేసి మంచమెక్కాడు. 'చెప్పు నీ కోడలికి, ఆ షెడ్డు ఆవిడే ఏలుకోమను' అంటున్నాడు."

"సరేనని చెప్పండత్తయ్యా."

"ఏం సరే?"

"ఏలుకుంటానని."

అత్తగారికి నవ్వు వస్తే గొడుగు చాటు చేసుకుంది. "నేను చెప్పను బాబూ. నేనింకా ఆ ఇంట్లోనే పడుకోవాలి."

భర్త వచ్చాక సంగతి విని చేతులు నలుపుకున్నాడు. "పెద్దాయన. ఒక్క గుప్పెడు వెయ్యనిస్తే ఏం పోయేది?"

"షెడ్డు," అంది ఆమె. అంతే. అతను చొక్కా విప్పి తలుపుకి తగిలించి, నీళ్ళ గొట్టం అందుకున్నాడు.

ఎండ వాలేసరికి తలుపు దగ్గర ఒక కోడి పక్కకి ఒరిగి కాళ్ళు చాపింది. తర్వాత ఇంకొకటి. ఆమె వాటిని తడిపింది, నీడకి మోసింది, ముక్కు నీళ్ళలో ముంచింది. ఏదీ నిలవలేదు. పొద్దు గుంకేసరికి గుమ్మం పక్కన చిన్న వరస అయింది. మిగతా షెడ్డులో మాత్రం కోళ్ళు మెల్లగా లేచి రెక్కలు దులుపుకుంటున్నాయి.

ఆమె గోనె పరిచి ఎత్తడానికి వంగినప్పుడు మామగారు వచ్చారు. గోనె పక్కన గొంతుక్కూర్చున్నారు. అలవాటుగా ఒక కోడి రెక్క సర్ది, మెడ నిమిరారు. నిమిరే చెయ్యి మెడ కింద ఆగింది. బొటనవేలితో నొక్కి చూశారు. పక్కదాన్ని తీసుకుని దాని మెడ కిందా నొక్కారు. ఆ పక్కదాన్ని కూడా.

"ఇవన్నీ తలుపు దగ్గరవేనా?"

"అవును మామయ్యా."

"లోపలివి?"

"బాగానే ఉన్నాయి."

ఆయన తల ఎత్తలేదు. ఆమె ఏమైనా అంటుందేమోనని ఆగినట్టున్నారు. ఆమె అనలేదు. పోయినేటి మాట ఇద్దరి మధ్యా గోనె మీద పడుకుని ఉంది. దాన్ని ఎత్తి చూపించడం ఆమెకి ఇష్టం లేకపోయింది. ఆయన లేచి కొళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. ఎంతసేపు కడుక్కున్నారంటే, వంటింట్లోంచి అత్తగారు "నీళ్ళన్నీ అయిపోతున్నాయి, ఎవరది?" అని కేకేసింది.

*

మూడో రోజు రేడియో అమ్మాయి 'అవకాశం' అనలేదు. అత్తగారు ఉల్లిపాయ తరుగుతూ కత్తి ఆపేసింది. "తస్సాదియ్యా, ఖాయమంది!"

మధ్యాహ్నం వేడి ముందురోజుకి అన్నలా ఉంది. ఎండలోకి చెయ్యి చాపితే ఎవరో పట్టుకున్నట్టయింది. గడ్డి కప్పిన రేకులు కూడా టకటకమంటున్నాయి. ట్యాంకులో నీళ్ళు గోరువెచ్చన దాటిపోయాయి. ఇవి తాగినా ఒకటే, తాగకపోయినా ఒకటే అనుకుంటూ ఆమె ట్యాంకు దగ్గరికి వెళ్ళేసరికి, నిచ్చెన మీద మామగారు. కింద తోపుడుబండి. బండిలో పొట్టు కప్పిన ఐసు దిమ్మలు. ఆ ఎండలో ఐసు ఫ్యాక్టరీ దాకా వెళ్ళి తోసుకుని వచ్చారు. తల మీద తడి తువ్వాలు, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. ఒక్కో దిమ్మా ఛాతీకి అదుముకుని ఎక్కి, ట్యాంకులోకి జార్చుతున్నారు. ఆమెను చూసి కూడా చూడనట్టే చేశారు.

ఆమె కింది దిమ్మ ఎత్తి అందించింది. ఆయన అందుకున్నారు. బండి ఖాళీ అయ్యేదాకా ఎత్తడం, అందుకోవడం. తర్వాత ఆయన బండి తోసుకుని వెళ్ళిపోయారు.

చల్లటి నీళ్ళు తొట్లలోకి రాగానే కోళ్ళు ముక్కులు ముంచి, తలలెత్తి, గుటకలు వేశాయి. నడిమధ్యాహ్నం దాటింది. ఒక్కటీ పడలేదు. ఆమె నడుస్తూనే ఉంది. భర్త పరదాలు తడుపుతూనే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా గాలి ఒక్కసారి ఆగిపోయింది. ఉత్తరాన బూడిద గీత గోడయింది, గోడ నల్లబడింది. ముందు దుమ్ము వచ్చింది. దాని వెనకే గాలి వచ్చి పైకప్పు మీద గడ్డిని జుట్టు పట్టుకుని పీకినట్టు పీకింది. భర్త నిచ్చెనెక్కి తాళ్ళు పట్టుకున్నాడు. ఆకాశం తెల్లగా చీలింది.

"దిగండి!" అని ఆమె అరిచింది. "గడ్డి పోతే పోనీ! దిగుతారా లేదా!"

అతను దూకినంత పని చేశాడు. కరెంటు పోయింది. పంకాలు తిరిగి తిరిగి ఆగాయి. షెడ్డు చీకటైపోయింది. అప్పుడు పడింది ఉరుము, రేకుల మీదే పడినట్టు.

కోళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. వేడికి బతికించుకున్నవి ఇప్పుడు భయంతో చస్తాయి. కోళ్ళు బెదిరితే మూలకి పోతాయి. ముందువాటి మీద వెనకవి, వాటి మీద ఇంకొన్ని. కిందవి ఊపిరాడక చస్తాయి. అరుపు కూడా వినబడదు. "పరదాలు బిగించి కట్టండి, మెరుపు కనబడకూడదు!" అని భర్తకి చెప్పి ఆమె చేతులు చాపి దగ్గరి మూలకి నడిచింది. పరిగెత్తకూడదు. గొంతు పెంచకూడదు. "ఏం లేదమ్మా, ఏం లేదు, వానే, వానే..." పైవాటిని ఒక్కొక్కటిగా ఎత్తి వెనక్కి వదిలింది. ఈ మూల పలచబడింది. మెరుపులో అవతలి మూల కనబడింది. అక్కడ కోళ్ళు నడుమెత్తు దిబ్బ కట్టాయి. ఆమె అక్కడికి వెళితే ఇక్కడివి మళ్ళీ గుంపుకడతాయి. భర్త గాలితో, పరదాతో పెనుగులాడుతున్నాడు.

తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. నిలువునా తడిసి, చేతిలో లాంతరుతో మామగారు. గుమ్మం దాటలేదు.

"ఏం చెయ్యమంటావమ్మా?"

ఆయన ఆమెను ఎప్పుడూ అలా అడగలేదు. ఎవరినీ అడగగా ఆమె వినలేదు. ఆమెకు ఆ ఒక్క క్షణంలో తోచింది. తను ఆయన చేతిలోంచి లాగేసింది ఏదో, ఇప్పుడు కావలసిందీ అదే.

"పిలవండి మామయ్యా!"

"పిలిస్తే మేతకొస్తాయి. ఇప్పుడు వెయ్యొచ్చా?"

"చల్లబడింది. ఇప్పుడు ఎంతైనా వెయ్యొచ్చు. పిలవండి!"

ఆయన నోరు తెరిచారు. మొదటి పిలుపు ఉరుములో కలిసిపోయింది. రెండోది వినబడింది, బొంగురుగా. "బో... బో బో..." మూలలో దిబ్బ కదల్లేదు. ఇంకో ఉరుము. ఆయన లాంతరు గుంజకి తగిలించి, షెడ్డు నడిమధ్యకి వచ్చి నిలబడి, గుండెల్లోంచి పిలిచారు.

"బో... బో బో బో బో!"

దిబ్బ మీది కోడి ఒకటి తల తిప్పింది. దిగింది. దాని వెనక మరొకటి. ఆమె చక్రం దగ్గరికి పరిగెత్తి తాడు వదిలింది. మేత డబ్బాలు వరసగా, గలగలలాడుతూ కిందికి దిగాయి. ఆ చప్పుడూ వాటికి తెలుసు. ఆయన బస్తా విప్పి దోసిళ్ళతో డబ్బాల్లోకి పోస్తూ, పిలుస్తూ, ఈ చివరినించి ఆ చివరికి నడిచారు. వెనకే కోళ్ళు. దిబ్బ కరిగింది. కింద నలిగినవి కూడా ఈకలు దులుపుకుని, తూలుతూ, కుంటుతూ, ఆ గొంతు వెంట పడ్డాయి. బయట ఆకాశం విరిగి పడుతోంది. రేకుల మీద వాన దరువు. లోపల షెడ్డు నిండా ముక్కుల చప్పుడు, టిక్కుటిక్కుమని, డబ్బాల నిండా.

"తినండి," అంటున్నారు మామగారు. ఆయన మొహం మీద ఉన్నది వాననీళ్ళేనో ఏమో. "తినండమ్మా, ఇప్పుడు తినండి. కడుపు నిండా తినండి."

భర్త చివరి పరదా ముడివేసి తిరిగి చూసి, అలాగే ఊకలో చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. గుమ్మంలో గొడుగు తిరగబడిన అత్తగారు. "ఎవరు గెలిచారు?" అని అడిగింది.

"కోళ్ళు," అన్నాడతను.

*

తెల్లవారేసరికి ఆకాశం కడిగిన కంచంలా ఉంది. కోడలు గోనె పట్టుకుని ఈ చివరినించి ఆ చివరికి నడిచింది. మూలల్లో ఊక తోసి చూసింది. గోనె తెచ్చింది తెచ్చినట్టే ఖాళీగా ఉంది. కుంటుతున్నవాటిని మాత్రం విడిగా గంప కింద పెట్టింది. గుడ్లు ఏరడానికి భర్త అట్టలు తెచ్చాడు. తెచ్చినవి చాలలేదు. మళ్ళీ వెళ్ళి తెచ్చాడు.

గుడ్ల బండి వాడు వచ్చి అట్టలు ఎక్కిస్తూ లోపలికి తొంగి చూశాడు. దారి పొడుగునా రేకులెగిరిన షెడ్లు చూసొచ్చాడట. "మీరేం చేశారమ్మా?" అన్నాడు.

"ఆవిడ హస్తవాసి," అన్నారు మామగారు, వాడడిగింది తననే అయినట్టు. "పోయి అందరికీ చెప్పు. పోయినేడు నా పొరపాటు ఆవిడ నెత్తిన రుద్దారు. అదీ చెప్పు."

కోడలి చేతిలో అట్ట కాస్త ఒరిగింది. మళ్ళీ సరిచేసుకుంది.

అన్న మాట ప్రకారం సిమెంటాయన పొద్దున్నే వచ్చాడు. కూడా ఇద్దరు కూలీలు. బండి దిగుతూనే షెడ్డులోంచి వచ్చే గోల విని తల గోక్కున్నాడు.

"మరి షెడ్డు సంగతీ..." అన్నాడు మామగారితో.

"నన్నడుగుతావేం? షెడ్డు ఆవిడది. ఆవిణ్ణి అడుగు."

అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె చేతులకంటిన ఊక దులుపుకుంటోంది.

"ఖాళీ లేదండీ," అంది. "మనుషులున్నారు లోపల."

అత్తగారు అరుగు మీంచి పకపకా నవ్వింది. సిమెంటాయన కూడా నవ్వక తప్పలేదు. బండి తిప్పుకుని పోతుంటే, వెనక కూర్చున్న కూలీ ఒకడు షెడ్డు కేసి తిరిగి చూస్తూ వెళ్ళాడు.

పనులు తెమిలేసరికి పొద్దు బాగా పైకొచ్చింది. రాత్రి ఎవరూ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. షెడ్డు ముందరి అరుగు మీదికే అత్తగారు అన్నం గిన్నె తెచ్చింది. పప్పు, పెరుగు, ఉల్లిపాయ ముక్కలు. ఒక గిన్నెలో ఉడికించిన గుడ్లు. ఆ ఇంట్లో ఎన్నేళ్ళుగానో చిట్లిన గుడ్లే వండుతారు, మంచివి బండెక్కుతాయి. ఆ రోజు గిన్నెలోవి ఒక్కటీ చిట్లలేదు.

నలుగురూ అరుగు మీద వరసగా కూర్చున్నారు. ఎప్పుడూ అందరికీ పెట్టి చివర కూర్చునే మామగారిని కోడలు చెయ్యి పట్టుకుని ముందు కూర్చోబెట్టింది. ఆమె వడ్డించి తనూ కంచం పెట్టుకుంది. తడి నేల మీంచి చల్లగాలి వస్తోంది. లోపల కోళ్ళు కలగలుపుగా మాట్లాడుకుంటున్నాయి. బయట ముద్దలు కలిపిన చప్పుడు, మంచినీళ్ళ చెంబు నేలకి తగిలిన చప్పుడు. మామగారి కంచం ఖాళీ అవుతుండగా ఆమె లేచి ఇంకాస్త అన్నం, దాని మీద ఇంకో గుడ్డు వేసింది.

ఆయన వద్దనలేదు. తల వంచుకుని తిన్నారు.